పాప సెటిల్‌మెంట్: కోర్టు ఫైలు సీల్ చెయ్యమంటున్నారు, ఒప్పుకోవాలా? (టెక్సస్)

ఫ్రిస్కో_నాన్న | సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మేం డాలస్ ఉత్తరం వైపు ఉంటాం. మా పాపకి రెండేళ్ళప్పుడు డేకేర్‌లో పాలసీసాలు వేడిచేసే పాత్రలోని నీళ్ళు మీద పడ్డాయి. కుడి చెయ్యి, భుజం, మెడ పక్కన కాలింది. స్కిన్ గ్రాఫ్ట్ చేశారు. ఇప్పుడు నాలుగేళ్ళు, బాగానే ఆడుకుంటోంది. మచ్చ ఉంది, పెరిగేకొద్దీ ఇంకో సర్జరీ పడొచ్చన్నారు.

డేకేర్ ఇన్సూరెన్స్ వాళ్ళతో మాటలు పూర్తయ్యాయి. ఎంతకి కుదిరిందో ఇక్కడ రాయను, ఏమీ అనుకోకండి. పాప మైనర్ కాబట్టి జడ్జి ముందు హియరింగ్ పెట్టి, కోర్టు సరేనంటేనే ఒప్పందం చెల్లుతుందని మా లాయర్ చెప్పారు. అంతవరకు ఇబ్బంది లేదు.

అవతలి లాయర్ పంపిన డ్రాఫ్టులో మాత్రం కొత్తగా రెండు షరతులు వచ్చాయి. ఒకటి, కోర్టు ఫైలు మొత్తం సీల్ చెయ్యమని, అంటే బయటివాళ్ళెవరూ చూడకుండా మూసెయ్యమని, రెండు పక్షాలూ కలిసి అడగాలి. రెండోది, మేమిద్దరం, పాపతో సహా, జరిగినదాని గురించి ఎప్పటికీ ఎవరికీ చెప్పకూడదు. పాప కూడా అని స్పష్టంగా రాశారు.

మొదటి షరతు నాకు నచ్చింది. రేపు ఎవరైనా పాప పేరు గూగుల్‌లో కొడితే కాలిన సంగతి, డబ్బు సంగతి రాకూడదు. స్కూల్లో పిల్లలు చూసి ఏడిపించకూడదు. పద్దెనిమిదేళ్ళకి చేతికి డబ్బొస్తుందని తెలిసి ఎవడూ వెంటపడకూడదు. ఇండియా నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా 'ఆడపిల్ల, రేపు సంబంధాలు చూసేటప్పుడు అందరికీ తెలిసిపోతుందిరా' అని బాధపడుతోంది.

మా ఆవిడ ససేమిరా అంటోంది. ఆ డేకేర్ నడిపేది మన తెలుగువాళ్ళే, అక్కడికి ఇంకా చాలామంది మనవాళ్ళ పిల్లలు వెళ్తున్నారు. మనం నోరు మూసుకుంటే ఇంకో పిల్లకి జరగదని ఏంటి నమ్మకం అంటుంది. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

గోదారి_ప్లానో | సోమవారం రాత్రి 10:05

అయ్యో, చిట్టితల్లికి ఎంత నొప్పి వేసిందో. అన్నయ్యా, తప్పుగా అనుకోకపోతే అది ఏ డేకేరో చెప్పగలరా? మా బాబుని ఆ చుట్టుపక్కలే ఒక దాంట్లో వేశాం. ఇది చదివాక నిద్ర పట్టేలా లేదు.

మోడరేటర్ | సోమవారం రాత్రి 10:11

దయచేసి డేకేర్ పేరు, ఊరి పేరు, లాయర్ల పేర్లు ఎవరూ రాయొద్దు. కేసు ఇంకా నడుస్తోంది. గోదారి గారు, మీ ఆందోళన అర్థమైంది. టెక్సస్ హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న ప్రతి డేకేర్‌కీ తనిఖీల చరిత్ర, దొరికిన లోపాలు ఉంటాయి. మీ బాబు వెళ్ళేదాన్ని అక్కడ ఈ రాత్రే చూసుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లలిత_పారాలీగల్ | సోమవారం రాత్రి 11:20

ఫ్రిస్కో గారు, నేను డాలస్‌లో ఒక లా ఆఫీసులో పారాలీగల్‌ని. లాయర్‌ని కాదు. మైనర్ల సెటిల్‌మెంట్ కాగితాలు తయారుచెయ్యడం నా రోజువారీ పని కాబట్టి తెలిసింది చెప్తాను. ఆఖరి మాట మీ లాయర్‌దే.

ముందు ఒక సంగతి. టెక్సస్‌లో కోర్టు ఫైలు సీల్ చేయించడం మీరనుకున్నంత తేలిక కాదు. ఇక్కడి సివిల్ కోర్టు రూల్స్‌లో 1990 నుంచి రూల్ 76ఎ అని ఒకటుంది. కోర్టు రికార్డులు ప్రజలందరికీ తెరిచే ఉంటాయన్నది దాని మొదటి మాట. మూయమని అడిగేవాళ్ళు, తమ కారణం ఆ హక్కు కంటే, ప్రజల ఆరోగ్యం, భద్రత కంటే బరువైనదని చూపించాలి. సీల్ కంటే చిన్న ఉపాయంతో పని జరిగేటట్టయితే సీల్ ఇవ్వకూడదని కూడా రూల్ చెప్తుంది.

అడిగే పద్ధతి ఇంకా ముఖ్యం. సీల్ కావాలంటే ముందు కౌంటీలో పబ్లిక్ నోటీసులు పెట్టేచోట నోటీసు అంటించాలి. అందులో కేసు పేరు, నంబరు, కేసు దేని గురించి, ఏ కాగితాలు మూయమంటున్నారు, అడుగుతున్నది ఎవరు, హియరింగ్ ఎప్పుడు అన్నీ ఉండాలి. ఒక కాపీ ఆస్టిన్‌లో సుప్రీంకోర్టు క్లర్కుకి వెళ్తుంది. నోటీసు పెట్టాక కనీసం 14 రోజులు ఆగి, బహిరంగంగా హియరింగ్ జరపాలి. ఆ రోజు ఎవరైనా, పేపరు విలేకరైనా, ఊళ్ళో ఇంకో తల్లైనా, లేచి 'మాకు అభ్యంతరం' అనొచ్చు. అంటే ఎవరికీ తెలియకూడదని మీరు కోరుకుంటే, దాన్ని అడగడానికే ఊరంతటికీ చెప్పాల్సి వస్తుంది.

ఇంకోటి. కేసు తేల్చిన కోర్టు ఉత్తర్వుని, తీర్పుని ఎట్టి పరిస్థితుల్లోనూ సీల్ చెయ్యకూడదని అదే రూల్‌లో ఉంది. కాబట్టి 'ఫైలు మొత్తం' అన్న మాట కాగితం మీదే.

అయితే మీకు కావాల్సింది చాలావరకు సీల్ లేకుండానే దొరుకుతుంది. రూల్ 21సి ప్రకారం, కేసు వేసేనాటికి మైనర్‌గా ఉన్నవాళ్ళ పేరు, పుట్టినతేదీ, ఇంటి అడ్రస్ 'సెన్సిటివ్ డేటా'. కాగితాల్లో పూర్తి పేరు కనిపించకూడదు, మామూలుగా దాని బదులు ఇనీషియల్స్ వాడతారు. సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, పాస్‌పోర్టు నంబరు కూడా అంతే. తప్పనిసరై అవి ఉన్న కాగితం దాఖలు చేస్తే, ఇందులో సెన్సిటివ్ డేటా ఉందని క్లర్కుకి చెప్పాలి. దాన్ని వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టకూడదు. ఇవన్నీ మీ లాయర్ మామూలుగా చేసే పనులే, నోటీసులూ హియరింగులూ అక్కర్లేదు.

ఫ్రిస్కో_నాన్న | మంగళవారం ఉదయం 6:30

లలిత గారూ, చాలా థ్యాంక్స్. ఒక అనుమానం. పాప పేరు ఇనీషియల్స్ అన్నారు సరే. కానీ కేసులో 'ఫలానా నెక్స్ట్ ఫ్రెండ్' అని, అంటే మైనర్ తరఫున కేసు నడిపే పెద్దమనిషిగా, నా పూర్తి పేరు ఉంటుంది కదా? మా ఇంటిపేరు అరుదు. అమెరికా మొత్తం మీద ఆ ఇంటిపేరుతో పది కుటుంబాలుంటాయేమో. నా పేరు కొడితే పాప దొరికిపోయినట్టే.

లలిత_పారాలీగల్ | మంగళవారం ఉదయం 7:48

సరిగ్గా పట్టుకున్నారు. ఇది చాలామంది చూడరు. 21సి రక్షణ పిల్లల పేరుకే, తల్లిదండ్రుల పేర్లకి కాదు. మన ఇంటిపేర్లతో ఇది నిజమైన సమస్యే. 'జాన్ స్మిత్' అయితే ఎవరూ వెతకలేరు, మనవాళ్ళు అలా కాదు. తల్లిదండ్రుల పేర్లకి కూడా ఇనీషియల్స్ వాడనివ్వమని మీ లాయర్ జడ్జిని అడగొచ్చు. ఇవ్వడం జడ్జి ఇష్టం. ఇవ్వకపోతే ఇంకో దారి, ఫైల్లోకి వెళ్ళే కాగితాలనే తగ్గించడం. పాప ఫోటోలు, మెడికల్ రికార్డులు పిటిషన్‌కి జత చెయ్యొద్దని గట్టిగా చెప్పండి. దావా కాగితంలో గాయాన్ని ఒక్క వాక్యంలో రాస్తే చాలు, పేజీలకి పేజీలు వర్ణించక్కర్లేదు. సెటిల్‌మెంట్ ఒప్పందాన్ని కూడా కోర్టులో దాఖలు చెయ్యాలని లేదు, జడ్జికి చూపించి మీ దగ్గరే ఉంచుకునే పద్ధతుంది. టెక్సస్‌లో రిజిస్టర్ చేసుకున్న ఎవరైనా కోర్టు కాగితాలు ఆన్‌లైన్‌లో వెతకొచ్చు, కానీ ఫైల్లో లేనిది ఎంత వెతికినా దొరకదు.

శేషు_పిట్స్‌బర్గ్ | మంగళవారం మధ్యాహ్నం 12:15

సీల్ కంటే రెండో షరతే నన్ను భయపెడుతోంది. పిల్ల నోరు కూడా మూయించడం. మా పక్క కౌంటీలో జరిగిన కేసు ఒకటి చెప్తాను, పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

వాషింగ్టన్ కౌంటీలో ఒక కుటుంబం. వాళ్ళ పొలం చుట్టూ షేల్ గ్యాస్ బావులు, కంప్రెసర్లు వచ్చాయి. నీళ్ళు, గాలి పాడై జబ్బులొస్తున్నాయని రేంజ్ రిసోర్సెస్ మీద, పైప్‌లైన్ కంపెనీల మీద కేసు వేశారు. 2011 ఆగస్టులో ఏడున్నర లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఇద్దరు పిల్లలు మైనర్లు, ఒకరికి ఏడేళ్ళు, ఇంకొకరికి పదేళ్ళు. పిల్లల వాటా కోర్టు ఒప్పుకోవాలి కాబట్టి జడ్జి దగ్గరకి వెళ్ళారు. తలుపులు మూసి హియరింగ్ చేసి, రికార్డు సీల్ చేశారు.

ఆ రోజు కోర్టు బయటే పిట్స్‌బర్గ్ పోస్ట్-గెజెట్ విలేకరి ఉన్నాడు, లోపలికి రానివ్వలేదు. ఆ పత్రిక, వాషింగ్టన్‌లోని అబ్జర్వర్-రిపోర్టర్ పత్రిక కలిసి రికార్డు తెరవమని కోర్టుకెక్కాయి. పై కోర్టు దాకా వెళ్ళి వచ్చాక 2013 మార్చిలో జడ్జి ఓడెల్ సెనెకా తెరవమని ఉత్తర్వు ఇచ్చారు. వ్యాపార సంస్థలకి మనుషులకున్నట్టు గోప్యత హక్కు ఉండదని ఆమె స్పష్టంగా రాశారు.

తెరిచాక హియరింగ్‌లో మాట్లాడింది బయటికొచ్చింది. ఈ మాట్లాడకూడదన్న షరతు పిల్లలకి కూడా వర్తిస్తుందా అని తల్లిదండ్రులు అడిగితే, కుటుంబం మొత్తానికి అనుకుంటున్నామని కంపెనీ తరఫు లాయర్ అన్నాడు. ఏడేళ్ళ పిల్ల జీవితాంతం గ్యాస్ బావి గురించి నోరెత్తకూడదు! అది పేపర్లలో వచ్చాక పెద్ద గొడవైంది, పిల్లలకి వర్తించదని కంపెనీ తర్వాత చెప్పుకుంది. కానీ సంతకం పెట్టే రోజున ఆ తల్లిదండ్రులకి ఆ సంగతి తెలియదు. ఆ ఇంట్లోంచి బయటపడితే చాలనుకున్నారు.

బ్రదర్, మీ పాపకి నాలుగేళ్ళు. ఆరో తరగతిలో స్నేహితురాలు 'నీ చేతికేమైంది' అని అడుగుతుంది. ఆ అమ్మాయి ఏం చెప్పాలి? ఆ వాక్యంలోంచి పాప పేరు తీయించండి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

కేటీ_కొండాపూర్ | మంగళవారం సాయంత్రం 5:50

నేను వేరే మాట చెప్తాను, కోపగించుకోకండి. కేసు బిడ్డది. ఊళ్ళో మిగతా పిల్లల భద్రత చూడ్డానికి ప్రభుత్వం ఉంది, లైసెన్సింగ్ ఉంది. ఆ భారం కాలిన పిల్ల నెత్తిన ఎందుకు పెట్టాలి? పత్రికలకి వార్త కావాలి, పక్కింటివాళ్ళకి కబుర్లు కావాలి. మన తెలుగు సంఘాల్లో ఒక్క మాట బయటికొస్తే పిక్నిక్కులో, గుళ్ళో, డాన్స్ క్లాసులో అందరి నోళ్ళలో అదే. 'పాపం, ఆ పిల్లే' అనే చూపుతో పాప పెరగాలా? డబ్బు సంగతి తెలిస్తే ఇంకా ఘోరం. దగ్గరివాళ్ళే అప్పులడుగుతారు. మా ఇంట్లో యాక్సిడెంట్ డబ్బొచ్చినప్పుడు చూశాను, బంధువులతో ఇప్పటికీ మాటల్లేవు.

సీల్ దొరికితే వదులుకోవద్దు. నోటీసు అంటించినా ఎంతమంది చూస్తారు? ఆన్‌లైన్‌లో శాశ్వతంగా ఉండటం కంటే అది నయం.

ఫ్రిస్కో_అమ్మ | మంగళవారం రాత్రి 9:15

నేను ఫ్రిస్కో_నాన్న గారి భార్యని. ఇందాకే చేరాను. కేటీ గారూ, మీ మాటలో బాధ నాకు తెలుసు. నా పాప గురించి గుళ్ళో ఎవరో గుసగుసగా మాట్లాడుతుంటే విన్నదాన్ని నేనే.

నాకు పాప పేరు బయటికి రావాలని లేదు. డబ్బెంతో ఎవరికీ తెలియక్కర్లేదు. కానీ ఆ పాత్ర పిల్లలకి అందేంత ఎత్తులో బల్ల మీద ఎందుకుంది, వైరు ఎందుకు వేలాడుతోంది, ఆ గదిలో ఎంతమంది పిల్లలకి ఒక టీచరు ఉంది, ఇవి మా ఇంటి రహస్యాలు కావు. ఆ డేకేర్ నడిపే ఆవిడ నాకు తెలిసినావిడే, బతుకమ్మకి కలిసి పాడాం. ఆమెని రోడ్డున పడెయ్యాలని కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళకి మాత్రం ఈ సంగతి ఎక్కడా కాగితం మీద మిగలకూడదని ఉంది. వాళ్ళు పాప గోప్యత అని రాసి, పాప నోరు మూయించే వాక్యం దాని కిందే పెట్టారు. అది చదివాక నాకు చాలా కోపం వచ్చింది.

పాపకి పదిహేనేళ్ళొచ్చి 'నేను మాట్లాడతానమ్మా, నా చెయ్యి, నా ఇష్టం' అంటే, నువ్వు మాట్లాడకూడదని మేం సంతకం పెట్టామని నేను చెప్పలేను.

లలిత_పారాలీగల్ | మంగళవారం రాత్రి 10:02

అమ్మా, మీ మాటకి రూల్ 76ఎలోనే బలం ఉంది. కోర్టులో దాఖలు చెయ్యని సెటిల్‌మెంట్ ఒప్పందం కూడా, ప్రజల ఆరోగ్యానికి, భద్రతకి హాని చేసే అవకాశమున్న విషయాన్ని దాచమంటే, కోర్టు రికార్డు కిందే లెక్క. డబ్బు మొత్తాన్ని మాత్రం ఆ లెక్కలోంచి తీసేశారు. అంటే డబ్బు అంకెని మీరు దాచుకోవచ్చు, పిల్లలకి ప్రమాదమైన సంగతిని ప్రైవేటు ఒప్పందంతో దాచెయ్యడం అంత సులువు కాదు. 1990లోనే రూల్ రాసినవాళ్ళు మీరన్న తేడానే చూశారు.

ఇంకా, టెక్సస్‌లో పిల్లలపై నిర్లక్ష్యమో హింసో జరిగిందని అనుమానం ఉన్న ఎవరైనా ప్రభుత్వానికి తెలపాలని చట్టం. ఒప్పందంలో ఏం రాసుకున్నా లైసెన్సింగ్ వాళ్ళకి, పోలీసులకి చెప్పకుండా మిమ్మల్ని ఆపలేరు. అయినా ఒప్పందంలో ఆ మాట విడిగా రాయించుకోండి. రేపు ఫోన్ చెయ్యాల్సి వచ్చినప్పుడు భయం లేకుండా ఉంటుంది. మీ కేసుకి సంబంధం లేదు కానీ ఇంకోటి చెప్తాను. లైంగిక దాడి కేసుల్లో బాధితుల నోరు మూయించే ఒప్పంద షరతులు చెల్లవని టెక్సస్‌లో 'ట్రేస్ లా' అనే చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

సీపీఏ_రవిశంకర్ | బుధవారం ఉదయం 8:20

ఎవరూ ఎత్తని ఒక పాయింటు. శరీరానికి తగిలిన గాయానికి వచ్చిన పరిహారం మీద ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ లేదు, టాక్స్ కోడ్‌లో సెక్షన్ 104(ఎ)(2). కానీ నోరు మూసుకున్నందుకు ఇచ్చిన డబ్బు గాయానికి ఇచ్చింది కాదు. 1997లో బాస్కెట్‌బాల్ ఆటగాడు డెనిస్ రాడ్‌మన్ ఆట మధ్యలో ఒక కెమెరామన్‌ని తన్నాడు. రెండు లక్షల డాలర్లకి రాజీ. ఒప్పందం నిండా గోప్యత షరతులు. 2003లో టాక్స్ కోర్టు, అందులో 80 వేలు గోప్యత వంటి వాటి కోసం ఇచ్చినవే అని తేల్చి, దాని మీద పన్ను కట్టమంది. గోప్యత షరతు ఎంత భారీగా ఉంటే మీకు అంత రిస్కు. షరతు ఉంచక తప్పకపోతే, అందుకోసం విడిగా ఏ డబ్బూ ఇవ్వలేదని, మొత్తం గాయానికే అని ఒప్పందంలో రాయించండి. షరతు తప్పితే ఇంత జరిమానా అని అంకె ఉంటే మాత్రం దాన్ని అస్సలు ఒప్పుకోకండి.

నాంపల్లి_అడ్వకేట్ | బుధవారం మధ్యాహ్నం 1:30

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ పరిస్థితి కూడా కొంచెం చెప్తే పనికొస్తుందేమో, మీ అమ్మగారి బెంగ ఇక్కడి అనుభవంలోంచే వచ్చి ఉంటుంది.

మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 32వ ఆర్డర్, 7వ రూల్ ప్రకారం మైనర్ తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి కావాలి. అనుమతి లేకుండా చేసిన రాజీని మైనర్ తరఫున కొట్టేయించుకోవచ్చు. రోడ్డు ప్రమాదాల ట్రిబ్యునళ్ళలో పిల్లల వాటాని మైనారిటీ తీరేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టమని 1994లో సూసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ అదే పద్ధతి. తండ్రి తెచ్చుకుని వాడేసుకోకుండా.

డబ్బుకి ఇంత కాపలా ఉంది కానీ పేరుకి లేదు. లైంగిక నేరాల కేసుల్లో పోక్సో చట్టం ఉంది, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఉంది, 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా తీర్పు వచ్చింది. ఆ కేసుల్లో పిల్లల్ని గుర్తుపట్టేలా ఏదీ రాయకూడదు. ఒక బస్సు గుద్ది కాలు పోయిన పిల్లవాడి కేసులో మాత్రం పేరు, తండ్రి పేరు, ఊరు, వైకల్యం శాతం, వచ్చిన మొత్తం అన్నీ తీర్పులో ఉంటాయి, ఆ తీర్పు ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఉద్యోగం ఇచ్చేవాడు చదువుతాడు. టెక్సస్‌లో కాగితాల్లో పిల్లల పూర్తి పేరు కనిపించకూడదని చదివి నాకు ఆశగా అనిపించింది. పెద్ద సంస్కరణ కూడా కాదు, మన హైకోర్టు రూల్స్‌లో ఒక్క సవరణ చేస్తే చాలు.

తలుపులు తెరిచి న్యాయం చెయ్యాలన్నది మాకూ ఉంది. 1966లో మిరాజ్‌కర్ కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది, న్యాయం కోసం అవసరమైతే కొంత మూయొచ్చని కూడా చెప్పింది. దాన్ని పిల్లల పేర్లకి వాడమని అడిగే లాయర్లే తక్కువ.

గోదారి_ప్లానో | బుధవారం రాత్రి 8:44

వెబ్‌సైట్‌లో మా బాబు డేకేర్ చూశాను. రెండు చిన్న లోపాలు రాసి ఉన్నాయి, సరిదిద్దుకున్నట్టూ ఉంది. ఇవాళ వెళ్ళి పాలసీసాలు ఎలా వేడిచేస్తారో చూపించమన్నాను. మొహం మాడ్చుకోకుండా చూపించారు. ఫ్రిస్కో అక్కా, మీరు ఇది రాయకపోతే నాకు ఆ ప్రశ్నే తట్టేది కాదు.

బే_ఏరియా_మాధవి | బుధవారం రాత్రి 11:10

కాలిఫోర్నియాలో కూడా దాదాపు ఇంతే. 1999లో అక్కడి సుప్రీంకోర్టు ఎన్‌బీసీ సబ్సిడియరీ కేసులో సివిల్ కేసులు కూడా తెరిచే ఉండాలని చెప్పింది, సీల్ రూల్స్ దాన్నుంచే వచ్చాయి. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా అని జడ్జి సీల్ ఇవ్వకూడదు. ఫెడరల్ కోర్టులో అయితే సివిల్ రూల్స్‌లోని 5.2 రూల్, మైనర్లకి ఇనీషియల్సే. కేటీ గారూ, సీల్ శాశ్వతం కూడా కాదు. శేషు గారు చెప్పిన కేసులో రెండేళ్ళలోపే తెరుచుకుంది. తెరుచుకున్న రోజున లోపల పిల్లల పూర్తి పేర్లు ఉంటే? సీల్‌ని నమ్ముకుని ఎవరూ పేర్లు దిద్దలేదంటే ఏం చేస్తారు? అందుకే లోపల ఉన్నది కూడా ఇనీషియల్స్‌తోనే ఉండాలి.

కేటీ_కొండాపూర్ | గురువారం ఉదయం 7:05

మాధవి గారూ, ఆ మాట ఆలోచించాల్సిందే. పేరు తీయడం ముందు, మిగతావి తర్వాత. అక్కడ మనమంతా ఒకటే. డబ్బు అంకె విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, అది ఎక్కడా కనిపించకూడదు.

ఫ్రిస్కో_నాన్న | ఆరు వారాల తర్వాత, శుక్రవారం

హియరింగ్ అయింది. అడిగిన అందరికీ చెప్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

నోటీసు, 14 రోజులు, బహిరంగ హియరింగ్ సంగతి మా లాయర్ ఉత్తరంలో ప్రస్తావించేసరికి, సీల్ అక్కర్లేదని అవతలివాళ్ళే వెనక్కి తగ్గారు. వాళ్ళకీ ఆ నోటీసు ఇష్టం లేదు. గోప్యత షరతు మిగిలింది, కానీ డబ్బు మొత్తానికి మాత్రమే. పాప పేరు ఆ వాక్యంలోంచి తీసేశారు. దీని కోసం మా ఆవిడ చాలా గట్టిగా నిలబడింది, ఒక దశలో ఒప్పందమే వద్దంది. డాక్టర్లు, స్కూలు, కౌన్సిలర్లు, టాక్స్ వాళ్ళు, లైసెన్సింగ్, పోలీసులు, వీళ్ళకి చెప్పుకోవచ్చని విడిగా రాశారు. రవిశంకర్ గారు చెప్పిన వాక్యం కూడా చేరింది. జరిమానా అంకె లేదు.

మాకూ పాపకీ ప్రయోజనాలు వేరు కావొచ్చని కోర్టు ఒక గార్డియన్ యాడ్ లైటమ్‌ని పెట్టింది. ఆయన లాయర్, మా తరఫు కాదు, పాప తరఫున కోర్టుకి చెప్పే మనిషి. ఇంటికి వచ్చి పాపని చూశారు, మెడికల్ కాగితాలన్నీ చదివారు, ముందుముందు సర్జరీకి ఎంతవుతుందని డాక్టర్‌ని అడిగారు. మాకు తెలియని ప్రశ్నలు రెండు మూడు వేశారు. జడ్జి దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. ఇది ఆఖరు, తర్వాత నొప్పి ఎక్కువైనా మళ్ళీ అడగలేరు, అర్థమైందా అని జడ్జి అడిగినప్పుడు మాత్రం నా గొంతు పట్టేసింది.

పాప పేరు అన్ని కాగితాల్లో ఇనీషియల్సే. మా పేర్లకి ఒప్పుకోలేదు, పూర్తిగా ఉన్నాయి. ఫోటోలు ఫైల్లోకి వెళ్ళలేదు. కేటీ గారు బాధపడతారు కానీ, పాప వాటా యాన్యుటీలో (ఇన్సూరెన్స్ కంపెనీ విడతలుగా చెల్లించే ఏర్పాటు) పెడుతున్నారు కాబట్టి ఏ ఏడాది ఎంత వస్తుందో తీర్పులో రాయక తప్పలేదు. దాన్ని సీల్ చెయ్యడం కుదరదని లలిత గారు ముందే చెప్పారు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

మా ఆవిడ లైసెన్సింగ్ వాళ్ళతో మాట్లాడింది. మన తల్లుల వాట్సాప్ గ్రూపులో సీసాలు వేడిచేసే పాత్రల గురించి, ఏ డేకేర్ పేరూ లేకుండా, పెద్ద మెసేజ్ పెట్టింది.

గోదారి_ప్లానో | శుక్రవారం సాయంత్రం 6:12

ఆ మెసేజ్ నాకూ వచ్చింది, మీరేనని తెలియలేదు అక్కా. పదిమందికి పంపాను. ఒక ప్రశ్న, నాకోసం కాదు, మా కజిన్ వాళ్ళ కేసు నడుస్తోంది. యాన్యుటీ కాకుండా కోర్టులోనే డబ్బు ఉంచొచ్చు అంటున్నారు. ఏది మంచిది?

లలిత_పారాలీగల్ | శుక్రవారం రాత్రి 9:37

ముందు ఫ్రిస్కో దంపతులకి, బాగా చేశారు. అంత గట్టిగా నిలబడేవాళ్ళు తక్కువ.

గోదారి గారూ, మొత్తం చిన్నదైతే కోర్టు రిజిస్ట్రీలో, అంటే కోర్టు క్లర్కు చూసే ఖాతాలో, ఉంచడం మామూలు. వడ్డీ తక్కువ, కానీ ఖర్చూ తక్కువే, పద్దెనిమిది నిండగానే పిల్లలు దరఖాస్తు పెట్టి తీసుకుంటారు. ఎక్కువైతే యాన్యుటీ, పన్ను లేకుండా విడతలుగా వస్తుంది, ఒకసారి తేదీలు రాశాక మార్చలేరు. మధ్యలో సర్జరీల ఖర్చు ఉంటుందనుకుంటే టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 142వ అధ్యాయం కింద ట్రస్టు అడగండి. బ్యాంకు ట్రస్టీగా ఉంటుంది, వైద్యానికి, చదువుకి మధ్యలో తీసుకోవచ్చు, 25 ఏళ్ళ దాకా పొడిగించొచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్లల చేతికి ఒకేసారి డబ్బు రాకుండా చూడ్డానికి అదే నా మొదటి సలహా. కజిన్ గారిని వాళ్ళ లాయర్‌తో ఈ మూడూ పక్కపక్కన పెట్టి లెక్క చూపించమనండి.

యాన్యుటీ తీసుకున్నవాళ్ళు ఇల్లు మారినప్పుడల్లా ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త అడ్రస్ రాతపూర్వకంగా పంపండి. ఫ్రిస్కో గారూ, తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకుని, ఒకటి పాప పాస్‌పోర్టు ఉన్నచోటే పెట్టండి. పాప పెద్దయ్యాక ఆ కేసు నంబరు అడుగుతారు.